కొలవాల్సింది మన నాడినా, మిల్లు గాలినా?

మణికట్టుకు కట్టుకునే ఆరోగ్య గడియారాల గురించి ఈ మధ్య సభ్యులు మమ్మల్ని తరచుగా అడుగుతున్నారు. సోలాపూర్‌లో సాంచాల మీద చాదర్లు నేసే కుర్రవాళ్ళ చేతికీ, భివండిలో ఒకే ఖోలీలో ఆరుగురు సర్దుకుని ఉండే అన్నల చేతికీ, కోయంబత్తూరు నూలు మిల్లుల్లో రింగ్ ఫ్రేముల దగ్గర నిలబడే చెల్లెళ్ళ చేతికీ ఇవి వచ్చేశాయి. పదిహేను వందలకో రెండు వేలకో దొరుకుతున్నాయి. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో, ఎన్ని అడుగులు నడిచామో, ఎంతసేపు నిద్రపోయామో చెబుతాయి. సొంత డబ్బుతో కొనుక్కుని కట్టుకునేవారితో మాకు పేచీ లేదు. సభ్యులు అడుగుతున్న ప్రశ్న వేరు. "రేపు మిల్లువాళ్ళే వీటిని ఉచితంగా పంచి, డ్యూటీలో కట్టుకోమంటే ఏం చెయ్యాలి?"

యాజమాన్యం ఇచ్చే ఉచితాలు ఎంత ఉచితమో బోనసు పద్దులు చూసిన ప్రతి కార్మికుడికీ తెలుసు. అయినా కొత్త వస్తువు కనబడగానే వద్దు అనడం యూనియన్ పని కాదు. మా జవాబు ఇది. ఆ గడియారం దేన్ని కొలుస్తోంది, ఆ లెక్క ఎవరి చేతికి పోతోంది, లెక్క చెడ్డగా వస్తే ఎవరు మారాలి? ఈ మూడింటికీ జవాబు తెలిసేదాకా చెయ్యి చాచకండి.

ముందు ఆ వస్తువు సంగతి చూద్దాం. గడియారం వెనక వైపు తిప్పితే చిన్న పచ్చ దీపం మినుకుమంటూ కనిపిస్తుంది. నెత్తురు పచ్చ వెలుతురును పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులో నెత్తురు కాస్త ఎక్కువై, వెనక్కి తిరిగొచ్చే వెలుతురు కాస్త తగ్గుతుంది. ఈ హెచ్చుతగ్గులను లెక్కపెట్టి గడియారం నాడి వేగం చెబుతుంది. ఆసుపత్రిలో వేలికి తగిలించే ఆక్సిజన్ క్లిప్పుదీ ఇదే వరస. అందులో ఎర్ర వెలుతురు, కంటికి కనబడని పరారుణ వెలుతురు వాడతారు. ఆ పద్ధతిని 1970ల్లో జపాన్ ఇంజనీరు టకువో అవోయాగి కనిపెట్టాడు. మనిషి తిరుగుతూ ఉండగానే గుండెను కొలవాలన్న ఆలోచన ఇంకా పాతది. అమెరికాలో నార్మన్ హోల్టర్ అనే శాస్త్రవేత్త 1940ల్లో అలాంటి యంత్రం మొదటిసారి తయారుచేసినప్పుడు దాన్ని వీపున మోయాల్సి వచ్చింది. బరువు సుమారు 38 కిలోలు. మన హమాలీలు మోసే మూటతో సమానం! అది ఇవాళ పట్టీ అంత అయ్యింది. ఇది సైన్సు సాధించిన గొప్ప విషయమే. దాన్ని తక్కువ చేసి మాట్లాడబోము.

ఈ గడియారాల వల్ల మేలు లేదని కూడా అనము. కొన్ని రకాలు గుండె లయ తప్పడాన్ని పసిగడతాయి. 2019లో ప్రచురితమైన ఒక పెద్ద అమెరికన్ అధ్యయనంలో 4 లక్షల 19 వేల మంది ఇలాంటి గడియారాలు కట్టుకున్నారు. వారిలో లయ తప్పుతోందని హెచ్చరిక అందుకున్నవారు 0.52 శాతం, అంటే వెయ్యి మందిలో అయిదుగురు. ఆ అయిదుగురిలో ఒక్కరి ప్రాణం నిలిచినా మంచిదే. కానీ మిగతా 995 మందికి గడియారం "అంతా బాగానే ఉంది" అన్నట్టు కాదు. ఈ సంగతి చాలామంది గ్రహించడం లేదు. గుండెపోటు వస్తోందని ఈ గడియారాలు చెప్పలేవు. బీపీ చెబుతాయని అమ్మే చవక రకాలను నమ్మవద్దు. జబ్బకు పట్టీ చుట్టి గాలి కొట్టి చూసే పాత పద్ధతే నమ్మకమైనది, ఈఎస్ఐ డిస్పెన్సరీలో ఖర్చు లేకుండా చూస్తారు.

మన ఒంటి రంగు సంగతి కూడా చెప్పుకోవాలి. 2020లో అమెరికా ఆసుపత్రుల లెక్కలు తీసి చూస్తే, వేలి క్లిప్పు బాగానే ఉందని చూపించినా నెత్తురులో ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయి ఉన్న రోగులు తెల్లవారిలో కంటే నల్లవారిలో సుమారు మూడు రెట్లు ఎక్కువగా బయటపడ్డారు. నల్లని చర్మం వెలుతురును ఎక్కువగా పీల్చుకోవడమే అందుకు కారణం. ఎండలో, ఆవిరిలో నల్లబడ్డ చేతులకు, అద్దకం రంగు గోళ్ళలోకి దిగిన చేతులకు ఈ వెలుతురు లెక్కలు ఎంతవరకు సరిపోతాయో అమ్మేవాడు డబ్బా మీద రాయడు. చెయ్యి కదులుతూ ఉంటే లెక్క ఇంకా తప్పుతుంది. తెగిన పోగు ముడేస్తూ, కండె మారుస్తూ, నాలుగు సాంచాల మధ్య తిరిగే మనిషి చెయ్యి ఎప్పుడు ఆగుతుంది కనుక?

నిద్ర లెక్క మరీ విడ్డూరం. పన్నెండు గంటల రాత్రి షిఫ్టు చేసి, రేకుల ఖోలీలో పగటి ఎండకు పడుకుని లేచినవాడికి గడియారం "మీకు సరైన నిద్ర లేదు" అని చెబుతుంది. ఆ ముక్క తెలుసుకోవడానికి రెండు వేలు కావాలా?

ఇక అసలు విషయం. బట్టల మిల్లు కార్మికుడి ఒంటిని తినేవి ముఖ్యంగా మూడు: దూది నుసి, సాంచాల మోత, ఉక్క. ఈ మూడింటిలో మొదటిదాన్ని మణికట్టు గడియారం అసలు చూడలేదు. రెండోదాన్ని కొన్ని ఖరీదైన రకాలు తప్ప చూడవు. మూడోదాన్ని సగం చూడగలవు.

బ్లోరూములో, కార్డింగులో పనిచేసిన పెద్దవాళ్ళకు నుసి జబ్బు గురించి మేము చెప్పనక్కర్లేదు. వారపు సెలవు అయిపోయి పనిలోకి దిగిన రోజున మధ్యాహ్నానికి ఛాతీ బిగుస్తుంది. ఊపిరి బరువవుతుంది, పొడి దగ్గు వస్తుంది. మర్నాడు కాస్త తేలిక, వారం చివరికి మామూలు. మళ్ళీ సెలవు, మళ్ళీ బిగింపు. డాక్టర్లు దీన్ని బిస్సినోసిస్ అంటారు. సెలవు ఆదివారమైన దేశాల్లో సోమవారం జబ్బు అనే పేరు పడింది. మనవాళ్ళు "వాతావరణం పడలేదు" అని ఒక మాత్ర వేసుకుని ఊరుకుంటారు. కొన్నేళ్ళకు బిగింపు వారంలో రెండు రోజులు, మూడు రోజులు, చివరికి అన్ని రోజులూ ఉంటుంది. అప్పటికి ఊపిరితిత్తులు మళ్ళీ బాగుపడని స్థితికి చేరతాయి. బీడీ తాగేవాడికి ఇది ఇంకా త్వరగా ముదురుతుంది. అప్పుడు యాజమాన్యం డాక్టరు "బీడీల వల్లే" అని రాసి చేతులు దులుపుకుంటాడు. బీడీ మానమని మేమూ చెబుతాము, కానీ కార్డింగు నుసిని బీడీ పొగ చాటున దాచనివ్వము.

ఈ జబ్బు మొదటి దశలో నాడి వేగం మామూలుగానే ఉండవచ్చు, ఆక్సిజన్ లెక్కా మామూలుగానే ఉండవచ్చు. గడియారం పచ్చగా నవ్వుతూనే ఉంటుంది, ఛాతీ మాత్రం బిగుస్తూ ఉంటుంది. దీన్ని పట్టేది మరో సాధనం. ఒక గొట్టంలోకి గట్టిగా ఊదితే ఊపిరి ఎంత జోరుగా బయటికి పోయిందో ముల్లు చూపిస్తుంది. పీక్ ఫ్లో మీటరు అంటారు. 1959లో ఇంగ్లండు నుంచి వచ్చిన వస్తువు ఇది. బ్యాటరీ అక్కర్లేదు, ఫోను అక్కర్లేదు. మందుల దుకాణంలో కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. సెలవు మర్నాడు పనిలోకి దిగేముందు ఒకసారి, షిఫ్టు దిగేటప్పుడు ఒకసారి ఊది అంకె రాసుకుంటే, నాలుగైదు వారాల్లో తేడా కాగితం మీద కనబడుతుంది. ఆ కాగితం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్తే, అతను పెద్ద యంత్రం మీద ఊపిరి పరీక్ష చేయించి నిర్ధారణ చేస్తాడు.

అమెరికా బట్టల మిల్లుల కార్మికులు ఇదే దారిలో గెలిచారు. 1970ల్లో కరోలినా రాష్ట్రాల్లో ఊపిరి పోగొట్టుకున్న ముసలి కార్మికులే సంఘం పెట్టుకుని, దగ్గుకుంటూ ప్రభుత్వ విచారణలకు వెళ్ళి సాక్ష్యం చెప్పారు. 1978లో అక్కడ దూది నుసి మీద చట్టబద్ధమైన పరిమితి వచ్చింది. నూలు వడికే ఖాతాల్లో ఘనపు మీటరు గాలికి 200 మైక్రోగ్రాములు, గంజి, నేత ఖాతాల్లో 750. మిల్లు గాలిని కొలవాలి, కార్మికుడి ఊపిరినీ కొలవాలి. ఆ ఊపిరి పరీక్ష కూడా ఎప్పుడు పడితే అప్పుడు కాదు. కనీసం 35 గంటలు నుసికి దూరంగా ఉన్నాక, పనిలోకి దిగేముందు ఒకసారి, నాలుగు గంటలు దాటాక మరోసారి. సోమవారం జబ్బు స్వభావం తెలిసినవాళ్ళు రాసిన నియమం అది. మిల్లు యజమానులు "ఇంత ఖర్చు మేము భరించలేం, ఖర్చెంతో లాభమెంతో తూచి చూడండి" అంటూ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. కార్మికుడి ఆరోగ్యాన్ని ఖర్చుతో తూచే పని చట్టసభ ఎప్పుడో ముగించిందనీ, సాధ్యమైనంత వరకు కాపాడి తీరాలనీ 1981 జూన్‌లో కోర్టు చెప్పింది. అక్కడ ఆ జబ్బు బాగా తగ్గింది. కార్మికుడి చేతికి ఏదో కట్టినందువల్ల కాదు, యంత్రాలకు మూతలు, నుసి పీల్చే గొట్టాలు బిగించినందువల్ల.

ఒంటికి తగిలించుకునే సాధనాలన్నీ ఒక్కటి కావని కూడా చెప్పాలి. మీరెప్పుడైనా పెద్దాసుపత్రి ఎక్స్‌రే గదికి వెళితే, ఫొటో తీసే టెక్నీషియన్ ఛాతీ మీద చిన్న బిళ్ళ ఒకటి చూసి ఉంటారు. టీఎల్‌డీ బ్యాడ్జి అంటారు. అతని ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో అది గుర్తుపెట్టుకుంటుంది. మూడు నెలలకోసారి దాన్ని పంపి లెక్క తీస్తారు. మన దేశంలో ఏడాదికి 30 మిల్లీసీవర్టులు దాటకూడదు, అయిదేళ్ళ సగటు ఏడాదికి 20 దాటకూడదు. ఒక మనిషి బ్యాడ్జిలో లెక్క మించితే అతన్ని "నీ ఒళ్ళు బలహీనం" అని ఇంటికి పంపరు. గది గోడలో సీసం ఎక్కడ పల్చబడింది, యంత్రం ఎక్కడ కారుతోంది అని విచారిస్తారు. ఆ లెక్క దేశస్థాయి రిజిస్టరులో అతని పేరు మీద ఉంటుంది. ఉద్యోగం మారినా వెంట వస్తుంది.

మాకు కావలసింది ఇలాంటి బిళ్ళ. బట్టల మిల్లుకూ అలాంటివి ఉన్నాయి, కొత్తగా ఎవరూ కనిపెట్టనక్కర్లేదు. ఒంటికి తగిలించే చిన్న గాలి పంపు ఉంది. షిఫ్టు అంతా మనం పీల్చే గాలినే అదీ పీల్చి, నుసిని వడపోత కాగితం మీద పట్టి పెడుతుంది. తూకం వేస్తే ఎంత పీల్చామో తేలుతుంది. భుజానికి తగిలించే మోత కొలిచే పెట్టె ఉంది. ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్సు మించరాదని మన ఫ్యాక్టరీ నిబంధనలు ఏనాటినుంచో చెబుతున్నాయి. నాడె సాంచాల షెడ్డులో పక్కవాడి చెవిలో అరిస్తే తప్ప వినపడదు. 90 ఎప్పుడో దాటిందనడానికి వేరే సాక్ష్యం ఎందుకు? అయినా కోర్టుకు అంకె కావాలి. ఆ అంకె తీసే పెట్టె ఎన్ని షెడ్లలో ఎవరి భుజానికైనా తగిలించారో మన సభ్యులే చెప్పాలి.

తేడా గమనించండి. ఒక సాధనం కార్మికుడి ఒంటి ద్వారా మిల్లును కొలుస్తుంది. లెక్క చెడితే మిల్లు మారాలి. ఇంకో సాధనం మిల్లును వదిలేసి కార్మికుణ్ణి కొలుస్తుంది. లెక్క చెడితే కార్మికుడు మారాలి, లేదా అతని బదులు ఇంకొకడు రావాలి. ఉచిత గడియారం ఈ రెండో జాతిది.

రెండో జాతి సాధనాలు శ్రామికుల చేతికి వస్తే ఏమవుతుందో చూడటానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. మన మహారాష్ట్రలోనే నాగపూర్‌లో, ఇంకా చండీగఢ్‌లో, పంచకులలో పారిశుద్ధ్య కార్మికుల చేతులకు మునిసిపాలిటీలు జీపీఎస్ గడియారాలు కట్టించాయి. అవి హాజరు పేరుతో వచ్చాయి. చీపురు పట్టిన మనిషి ఏ వీధిలో ఉన్నాడో, ఎంతసేపు కదలకుండా ఉన్నాడో కార్యాలయంలో తెర మీద కనబడేది. గీసిన గిరి దాటితే, బ్యాటరీ అయిపోతే జీతం కోస్తారన్న భయంతో పని చెయ్యాల్సి వస్తోందని కార్మికులు మొత్తుకున్నారు. మరుగుదొడ్డికి వెళ్ళాలన్నా సిగ్గుగా, భయంగా ఉందని ఆడవాళ్ళు చెప్పారు. 2020లో చండీగఢ్‌లో, పంచకులలో కార్మికులు రోడ్డెక్కారు. వీధులు ఊడ్చేవారికి చేతిపట్టీ ఇచ్చారు కానీ, చేతి తొడుగులు, బూట్లు సరిగా ఇవ్వలేదు. ఆ మునిసిపాలిటీలకు ఏది ముఖ్యమో దీన్నిబట్టే తెలుస్తోంది.

ఆరోగ్యం పేరుతో వచ్చినదాని కథ అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో జరిగింది. అక్కడి బడిపంతుళ్ళకు ప్రభుత్వ వైద్య బీమా ఉంది. అడుగులు లెక్కపెట్టే సాధనమూ, ఫోను పథకమూ వాడి ఏడాదికి ఇన్ని పాయింట్లు తెచ్చుకోవాలి, లేకపోతే నెలకు 25 డాలర్లు అదనంగా కట్టాలి అని ఒక పథకం పెట్టబోయారు. అసలే జీతాలు తక్కువ, బీమా కోతలు ఎక్కువ. దానికి తోడు మేము ఎంత నడిచామో, ఏం తిన్నామో మీకెందుకు అని పంతుళ్ళు, పంతులమ్మలు మండిపడ్డారు. ఆ పథకం వెనక్కి పోయింది. కానీ కోపం వెనక్కి పోలేదు. 2018 ఫిబ్రవరి 22న రాష్ట్రంలోని 55 జిల్లాల్లోనూ బడులు మూతపడ్డాయి. తొమ్మిది బడి రోజుల సమ్మె తర్వాత అయిదు శాతం జీతం పెరిగింది. సమ్మెకు కారణాలు చాలా ఉన్నాయి, గడియారం వాటిలో ఒకటి మాత్రమే. కానీ "ఇచ్ఛాపూర్వకం" అంటూ వచ్చినది కట్టుకోనివాడికి జరిమానాగా ఎలా మారుతుందో ఆ పంతుళ్ళు ముందే పసిగట్టారు.

మన మిల్లుల్లో ఇది ఏ రూపం తీసుకుంటుందో ఊహించడం కష్టం కాదు. యాభై ఏళ్ళవాడి నాడి వేగం ఎక్కువగా ఉంది, అతనికి నాలుగు సాంచాలు ఇవ్వకండి అంటారు. జీతం మాత్రం సాంచాల లెక్కన కదా! పర్మినెంటు చెయ్యాల్సిన ఏడాదిలో "ఆరోగ్యం సరిపోలేదు" అనే చీటీ వస్తుంది. హాస్టళ్ళలో ఉంచి పనిచేయించుకునే నూలు మిల్లుల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఒంటి వేడిని, నాడిని రోజూ చూసే కొన్ని గడియారాలు ఆడవారి నెలసరి రోజులను అంచనా కడతాయి. కడుపుతో ఉన్న సంగతి ఇంట్లోవారికి చెప్పకముందే సూపర్‌వైజరుకు అనుమానం వచ్చే అవకాశం ఉంది. మన ఆడపిల్లల ఒంటి గుట్టు హాస్టలు వార్డెను కంప్యూటరులో ఉండటానికి మేము ఒప్పుకోము.

చట్టం మనల్ని కాపాడుతుందా? కొంత కాపాడుతుంది, కొంత వదిలేస్తుంది. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కే అని తేల్చింది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలు వెలువడ్డాయి, ముఖ్యమైన భాగాలకు పద్దెనిమిది నెలల గడువు పెట్టారు. ఆ చట్టం ఏడో సెక్షనులో ఒక కిటికీ తెరిచి ఉంచారు. "ఉద్యోగ ప్రయోజనాల" కోసమైతే, యజమానిని నష్టం నుంచి కాపాడటం కోసమైతే, మన అనుమతి అడగకుండానే మన సమాచారం వాడుకోవచ్చునట. ఆ రెండు మాటల కింద ఏది పట్టదు? అందుకే చట్టం చూసుకుంటుందిలే అని కూర్చుంటే కుదరదు, వేతన ఒప్పందంలోనే రాయించుకోవాలి.

ఇంకో పక్క, 2020లో చేసిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. నలభై దాటిన కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్ష అని ప్రభుత్వం గొప్పగా ప్రకటించింది. మంచిదే, దాన్ని వదులుకోకూడదు. కానీ అదే కోడ్, ఫ్యాక్టరీ అనే మాటకు అర్థాన్ని కుదించింది. పాత 1948 చట్టంలో కరెంటుతో నడిచే చోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ. ఇప్పుడు ఇరవై మంది ఉండాలి. పదిమంది లెక్క ఉన్నప్పుడే ఒక షెడ్డును అన్న పేరున, తమ్ముడి పేరున, భార్య పేరున ముక్కలు చేసి రిజిస్టరు చేసినవాళ్ళకు ఇరవై ఇంకెంత సుఖం! పన్నెండు మందితో నడిచే పవర్‌లూమ్ షెడ్డుకు గాలి ఎవరు కొలుస్తారు? ఉచిత గడియారాలు పంచినంత సులభంగా ఈ ప్రశ్నకు జవాబు రాదు.

చేతిలో ఉన్న ఆయుధాలు కూడా చెప్పుకుందాం. బిస్సినోసిస్ చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి. డాక్టరు నిర్ధారిస్తే ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వ్యాధుల జాబితాలోనూ, పరిహారం ఇవ్వాల్సిన వ్యాధుల జాబితాలోనూ ఉంది. 1995 జనవరిలో ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు, కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని చెబుతూ, ఆ పరిశ్రమలో ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరిన నాటినుంచి 40 ఏళ్ళు, లేదా పని మానిన తర్వాత 15 ఏళ్ళు, రెంటిలో ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని ఆదేశించింది. నుసి జబ్బు కూడా ఆస్‌బెస్టాస్ జబ్బులాగే మెల్లగా ముదిరేది. సోలాపూర్‌లో, ముంబయిలో మిల్లులు మూతపడ్డప్పుడు యంత్రాలు తుక్కుకు పోయాయి, స్థలాలు బిల్డర్లకు పోయాయి. అందులో ముప్ఫై ఏళ్ళు నుసి మింగినవారి ఆరోగ్య కాగితాలు ఎక్కడికి పోయాయో అడిగేవాడు లేకపోయాడు. మన తాతలు, తండ్రులు పాలమూరు నుంచి, కరీంనగర్ నుంచి, నల్లగొండ నుంచి ఈ ఊళ్ళకు వచ్చి దగ్గుతూ చనిపోయారు. వారి మరణాలు ఏ జాబితాలోనూ వృత్తి వ్యాధిగా ఎక్కలేదు, ఇంట్లోవారు ఆయాసం అని చెప్పుకున్నారంతే.

ఈ ఏడాది ఒప్పందాల చర్చల్లో మేము పెట్టబోయే మాటలు ఇవి. ఒంటికి ఏ సాధనం తగిలించినా, అది ఇచ్చే లెక్క ముందు కార్మికుడి చేతికి రావాలి, అతను ఒప్పుకుంటే డాక్టరుకు చేరాలి, సూపర్‌వైజరుకూ టైమాఫీసుకూ చేరకూడదు. ఆ లెక్క ఆధారంగా జీతం, సాంచాల సంఖ్య, సెలవు, పర్మినెంటు ఏదీ మారకూడదు. కట్టుకోనన్నవాడికి పైసా నష్టం రాకూడదు. ఆరోగ్యం మీద అంత ప్రేమ ఉన్న యాజమాన్యం ముందు బ్లోరూము, కార్డింగు, నేత ఖాతాల్లో నుసినీ మోతనూ కొలిపించి, అంకెలు గేటు దగ్గర నోటీసు బోర్డు మీద తెలుగులో, మరాఠీలో, తమిళంలో పెట్టాలి. కొలిచేటప్పుడు మన ప్రతినిధి పక్కన ఉండాలి. తనిఖీ రోజున సగం యంత్రాలు ఆపి, నేల ఊడ్పించి గాలి కొలిచే వేషాలు మనకు కొత్త కాదు.

గడియారం ఉన్నవారు దాన్ని ఉక్క విషయంలో వాడుకోవచ్చు, లేనివారికి రెండు వేళ్ళు చాలు. నూలు తెగకుండా ఉండాలని షెడ్డులో తేమ పెంచుతారు. ఎండాకాలంలో సోలాపూర్‌లో బయట 43 డిగ్రీలు ఉంటే, లోపల చెమట ఆరే దారి లేక గుండె మీద భారం పడుతుంది. వృత్తి ఆరోగ్య నిపుణులు ఒక తేలిక లెక్క చెబుతారు. 180 లోంచి మీ వయసు తీసెయ్యండి. గుండె జబ్బు లేని మనిషికి కూడా నాడి కొన్ని నిమిషాలపాటు వరసగా ఆ అంకెను మించి కొడుతుంటే పని ఆపి, చల్లటి చోట కూర్చుని నీళ్ళు తాగాలి. యాభై ఏళ్ళవారికి ఆ అంకె 130, ముప్ఫై ఏళ్ళవారికి 150. తల తిరగడం, మాట తడబడటం కనిపిస్తే నాడి లెక్కతో పనిలేదు, వెంటనే ఆపి నలుగురినీ పిలవండి. ఆపినప్పుడు ముకద్దం కసిరితే ఆ తేదీ, సమయం, నాడి అంకె రాసి మాకు ఇవ్వండి.

పీక్ ఫ్లో మీటర్లను యూనియన్ ఆఫీసుల్లో పెట్టించే ఆలోచన చేస్తున్నాము. ఒక మీటరుతో ఖాతాలోని అందరూ ఊదవచ్చు, ఊదే కాగితపు గొట్టం మాత్రం మనిషికొకటి మార్చాలి. ముందు కార్డింగు, బ్లోరూము, గంజి ఖాతాలవారు రండి. పదేళ్ళు దాటినవారు తప్పక రండి. అంకెలు రాసే పుస్తకం మీ దగ్గరే ఉంటుంది, ఆఫీసులో నకలు కూడా ఉంచము.

ఈఎస్ఐ డాక్టరు ముందు కూర్చున్నప్పుడు "దగ్గు, ఆయాసం" అని రెండు మాటలతో లేచి రాకండి. ఏ ఖాతాలో పని, ఎన్నేళ్ళుగా చేస్తున్నారు, సెలవు మర్నాడు ఛాతీ బిగుస్తుందా లేదా, ఈ మూడూ చెప్పి చీటీ మీద రాయమని అడగండి. రాయనంటే ఆ డిస్పెన్సరీ పేరు, తేదీ మాకు చెప్పండి, మీతో మళ్ళీ వస్తాము.